తులసి మోకాలు

"...మోకాలికేం కాలేదండీ అచ్యుతరావు గారూ. అప్పుడూ కాలేదు, ఇప్పుడూ కాలేదు. కావాలంటే ఇక్కడే గొంతుక్కూర్చుని లేచి చూపించనా?"

"నెమ్మదిగా మాట్లాడు తల్లీ. ఆయన వింటే బాధపడతారు."

"ఆయన డాక్టరు దగ్గరికెళ్ళారు కదండీ. ఇక్కడుంటే ఈ మాట అనే ధైర్యం నాకుందా?"

"మరి ఇన్నేళ్ళూ మోకాలనే ఎందుకు చెప్పావమ్మా?"

"ఏం చెప్పమంటారు? యూనివర్సిటీ టీములో మొదటి మ్యాచిలోనే బంతి పట్టుకుని బెంచీ వైపు చూస్తా నిలబడిపోయానని చెప్పనా? అక్కడి కోచి గారు పక్కకి పిలిచి, నీకు చెవులు వినపడవా అమ్మా అనడిగారని చెప్పనా? వినపడకేం, అక్కడ పిలిచేవాళ్ళు లేరండీ. అదీ నా రోగం. ఇప్పుడు ఇందుజదీ అదే రోగం. పిల్లని పాడుచేసింది క్యాంపు వాళ్ళు కాదు."

"పాడుచేయడం అంటే పెద్ద మాట తులసీ. ఆయన చెయ్యి పడకపోతే ఆ పిల్ల ఈపాటికి కొల్లేటికోటలో చేపలకి మేత కట్టుకుంటా ఉండేది."

"ఇప్పుడు చేస్తున్నది అదేనండీ."

గ్రౌండు పక్క బంతుల గదిలో కోచి మహబూబ్ చేతిలోని పంపు ఆగిపోయింది. డాక్టరు ఊళ్ళో లేడని తెలిసి అతను దారిలోంచే వెనక్కి తిరిగి, వెనక గేటు గుండా వచ్చి, గాలి తగ్గిన బంతులు ముందేసుకుని కూర్చున్నాడు. తలుపు ఓరగా వేసి ఉంది. బయట నీడలో నిలబడి మాట్లాడుకుంటున్న ఇద్దరూ అతనికి కావలసినవాళ్ళే. అచ్యుతరావుది దెందులూరు. వరిచేలూ ఒక చేపల చెరువూ ఉన్న రైతు. కుర్రతనంలో మహబూబ్‌తో కలిసి ఆడినవాడు, ఇప్పుడు జిల్లా బాస్కెట్‌బాల్ సంఘానికి పెద్ద. తులసి మహబూబ్ మొదటి శిష్యురాలు. తాడేపల్లిగూడెంలో ఒక స్కూల్లో ఆటల టీచరుగా చేస్తోంది.

తులసి మోకాలు సంగతి ఆ గ్రౌండులో తెలియనివాళ్ళు లేరు. యూనివర్సిటీకి ఎంపికై, రేపో మాపో రాష్ట్రానికి ఆడుతుందనుకున్న పిల్ల మోకాలు నొప్పితో ఆట మానేసి వచ్చినప్పుడు మహబూబ్‌కి కొన్నాళ్ళపాటు అన్నం సయించలేదు. ఒళ్ళు సరిగా వేడెక్కకుండానే ఆడించి ఆ కాలు తనే చెడగొట్టానేమోనని నలిగిపోయాడు. ఆ తర్వాత మోకాళ్ళు గట్టిపడటానికి ఒక కసరత్తు తయారుచేశాడు. గోడకి వీపు ఆనించి, కుర్చీ లేకుండానే కుర్చీలో ఉన్నట్టు కూర్చోవాలి. ఏ బ్యాచి పిల్లలైనా బంతి ముట్టుకునే ముందు అది చేసి తీరాలి. వాళ్ళు దానికి 'తులసి మోకాలు' అని పేరు పెట్టుకున్నారు. "ఏవే, తులసి మోకాలు ఎగ్గొట్టావా?" అని ఒకరినొకరు వేళాకోళం చేసుకుంటారు. తులసి అంటే ఒక మనిషని కూడా వాళ్ళలో సగంమందికి తెలియదు.

మహబూబ్ పంపు సూదిని బంతిలోనే వదిలేసి, చప్పుడు కాకుండా లేచి, వచ్చిన గేటులోంచే బయటికి వెళ్ళిపోయాడు.

అతను పుట్టింది ఏలూరులో తివాచీలు నేసే వీధిలో. మగ్గం చప్పుడూ ఉన్ని వాసనా మధ్య పెరిగాడు. తండ్రి నేతగాడే గాని మగ్గం ముందు కూర్చునేవాడు కాదు. వెనక స్టూలు మీద కూర్చుని రంగులు పిలిచేవాడు. "ఎరుపు రెండు, నీలం ఒకటి, తెలుపు, మళ్ళీ ఎరుపు." బల్ల మీద వరసగా కూర్చున్న నేతగాళ్ళు ఆ పిలుపుని తిరిగి పాడి, పడుగు పోగుకి ముడి వేసి, దారం కోసేవాళ్ళు. ఎవరి ముందు జానెడు మేర వాళ్ళది. పువ్వు ఎక్కడ విచ్చుకుంటోందో, తీగ ఎటు తిరుగుతోందో వాళ్ళకి తెలియదు. తెలియనక్కర్లేదు కూడా. పిలిచేవాడికి తెలిస్తే చాలు. బడి సెలవుల్లో మహబూబ్‌ని కూడా బల్ల చివర కూర్చోబెట్టేవారు. ఒకసారి పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని తల ఎత్తి వెనక్కి వంగితే, తండ్రి చీపురుపుల్లతో భుజం మీద తట్టాడు.

"చూడకు. విను."

తండ్రి దగ్గర నమూనా కాగితాలు ఉండేవి కావు. డిజైన్లన్నీ ఆయన తలలోనే. ఒక పెద్ద తివాచీ సగంలో ఉండగా పక్షవాతం వచ్చి ఆయనకి మాట పడిపోయింది. మర్నాడు నేతగాళ్ళు వచ్చి ఉన్ని చేత్తో పట్టుకుని కూర్చున్నారు. ఆ మర్నాడు కూడా వచ్చి కూర్చున్నారు. తర్వాత ఒక్కొక్కరే వేరే మగ్గాలకి వెళ్ళిపోయారు. సగం నేసిన తివాచీని కోసి ఇంట్లో పరుచుకున్నారు. అది ఇప్పటికీ మహబూబ్ ముందుగదిలోనే ఉంది. ఒక అంచున మొదలైన పూలతీగ గది మధ్యకి వచ్చేసరికి కత్తిరించినట్టు ఆగిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో ఫ్యాషననుకుంటారు.

మగ్గం పోయాక మహబూబ్ ఆటల్లో పడ్డాడు. పొట్టివాడికి బాస్కెట్‌బాల్ ఏమిటని గ్రౌండులో నవ్వేవాళ్ళు. రింగు అతనికి ఎప్పుడూ అందలేదు గాని, ఎవరు ఎక్కడున్నారో, ఎవరి ముందు ఖాళీ ఉందో అందరికంటే ముందు అతనికి కనిపించేది. కనిపించింది కేకేసి చెప్పేవాడు. అచ్యుతరావు పొడగరి. మహబూబ్ కేక వేస్తే బంతి పట్టడం, మహబూబ్ కేక వేస్తే రింగులో వేయడం. "నేను నిచ్చెననండీ, ఎక్కేవాడు మా మహబూబే" అని ఇప్పటికీ నలుగురిలో నవ్విస్తాడు.

కోచింగు డిప్లొమా పూర్తిచేసుకుని వచ్చాక అతనికి తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం దొరికింది. పొద్దున పాసింజరులో వెళ్ళడం, సాయంత్రం పాసింజరులో రావడం. కాలేజీ వాళ్ళు ఆడపిల్లల జట్టు ఒప్పజెప్పారు. బంతి ఎదురొస్తే మొహానికి చేతులు అడ్డం పెట్టుకునే పిల్లలు. మొదటి పోటీలోనే చిత్తుగా ఓడిపోతున్నారు. ఏం చెప్పినా వాళ్ళ చెవికెక్కడం లేదు. ఏం చేయాలో తోచక మహబూబ్ గీత దగ్గర నిలబడి నోటికొచ్చింది అరిచాడు.

"ఎరుపు!"

తులసి తలతిప్పి చూసింది. అతను చెయ్యి కుడివైపు చూపించాడు. ఆమె కుడివైపు వెళ్ళింది. అక్కడెవరూ అడ్డం లేరు.

తర్వాతి వారం నుంచి అదే పాఠం. ఎరుపంటే కుడి, నీలమంటే ఎడమ, తెలుపంటే వెనక్కి, ముడి అంటే బంతి రింగులోకి. పక్కన అంకె చెబితే అన్ని అడుగులు. అవతలి జట్ల వాళ్ళకి ఒక్క ముక్క బోధపడేది కాదు. పిల్లలు ఆలోచించడానికి ఆగేవాళ్ళు కాదు కాబట్టి భయపడటానికీ ఆగేవాళ్ళు కాదు. ఆ ఏడాది కప్పు గెలిచారు. మరుసటి ఏడూ గెలిచారు. పేపర్లో జిల్లా పేజీలో రంగుల కోచ్ అని ఫొటో వేశారు. కొత్తగా చేరిన ప్రతి పిల్లతోనూ మహబూబ్ మొదటిరోజు ఒకే మాట చెప్పేవాడు.

"తల నాకిచ్చేయండి. కాళ్ళు మీరుంచుకోండి."

పిల్లలు నవ్వేవాళ్ళు. నవ్వుతూనే ఇచ్చేసేవాళ్ళు.

తర్వాత ఏలూరు గ్రౌండులో కాంట్రాక్టు కోచిగా వచ్చాడు. ఏడాదికొకసారి రెన్యువల్. గెలుపు ఉన్నంతకాలం దానికి ఢోకా లేదు. పోటీలంటే ఊళ్ళోవాళ్ళు ఆట చూడటానికి కాక అతని పిలుపు వినడానికి వచ్చేవాళ్ళు. మొన్నటి వానల్లో ఆ గొంతు చిరిగింది. మొదట జలుబనుకున్నాడు. మిరియాల పాలు తాగాడు. చివరికి చెవీ ముక్కూ గొంతూ చూసే డాక్టరు గొట్టం పెట్టి చూసి, లోపల బియ్యపుగింజంత కాయలాంటిది పెరిగిందని, అది చెడ్డది కాదని, కానీ తీసేయాలని చెప్పాడు.

"తీశాక మాట వస్తుందండీ. కేక రాదు" అన్నాడు. "తీయకుండా ఇలాగే కేకలేస్తే కొన్నాళ్ళకి మాటా రాదు."

పోటీలయ్యాక చూద్దామని మహబూబ్ వాయిదా వేశాడు.

బంతుల గదిలోంచి ఆ రోజు ఇంటికి వచ్చేసరికి భార్య ఖాతూన్ మిషను మీద జాకెట్టు కుడుతోంది. అతను చెప్పులు విడిచి తివాచీ మీద కూర్చున్నాడు. ఎంతసేపటికీ మాట్లాడలేదు.

"ఏవండీ, ఇలాంటి మొగుడు పెళ్ళయిన కొత్తలో దొరికుంటే ఎంత బావుండేది. ఇల్లు ఇల్లులా ఉంది" అంది ఆవిడ దారం కొరుకుతూ.

అతను నవ్వలేదు. ఆవిడ మిషను ఆపింది.

"డాక్టరేమన్నారు?"

"లేడు."

"మాట వస్తుందన్నారు కదా. ఆ ఆపరేషనేదో చేయించేసుకోండి. కేకలెందుకు మీకు, ఈ వయసులో?"

"కేక లేకపోతే నేనేంటి?" అన్నాడు మహబూబ్ బొంగురుగా.

ఖాతూన్ సూదిలోకి దారం ఎక్కించుకుంది. కాసేపటికి మిషను మళ్ళీ తిరిగింది.

జిల్లాలు మారాక కొల్లేటికోట ఏలూరు కిందికి వచ్చింది. లేకపోతే ఇందుజ మహబూబ్ చేతికి వచ్చేదే కాదు. మండలాల పోటీల్లో చెప్పుల్లేకుండా పరిగెడుతున్న పిల్లని చూసి అతనే హాస్టల్లో సీటిప్పించి తెచ్చుకున్నాడు. ఇన్నేళ్ళలో అలాంటి కాళ్ళు చూడలేదు. పిలుపు సగంలో ఉండగానే బంతి అక్కడికి చేరిపోయేది. రాష్ట్ర జట్టు క్యాంపుకి పిలిచారంటే అచ్యుతరావు గ్రౌండులో అందరికీ పూతరేకులు పంచాడు. పది రోజులు తిరక్కుండానే క్యాంపు నుంచి ఆ పిల్లని పంపేశారు. పిల్ల ఏలూరులో దిగకుండా నేరుగా ఇంటికెళ్ళిపోయింది. అచ్యుతరావు వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని, తాడేపల్లిగూడెంలో జరిగే అంతర్ జిల్లాల పోటీలకి సెలెక్టరు వచ్చి ఇంకోసారి చూసేలా ఒప్పించాడు. అక్కడ బాగా ఆడితే తిరిగి తీసుకుంటారు. లేదంటే ఇక అంతే. వచ్చే ఏడాదికి ఆ పిల్లకి వయసు దాటిపోతుంది.

తులసి మాటలు విన్న మర్నాడు మహబూబ్ కైకలూరు దారిలో బస్సెక్కాడు. దిగి ఆటోలో లోపలికి వెళ్ళాడు. రోడ్డుకి అటూ ఇటూ చెరువులే. నీళ్ళలో వరసగా నాటిన కర్రలు, ఒక్కో కర్రకి ఒక్కో మేత సంచీ. సంచీకి ఉన్న చిల్లుల్లోంచి చేపలు తవుడు లాక్కు తింటుంటే కర్రలు ఊగుతున్నాయి.

ఇందుజ తల్లి రత్నమాణిక్యం కంగారుగా ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తుడిచి వేసింది.

"కూర్చోండి బాబూ. పిల్ల సరిగా అన్నం తినట్లేదండీ. అక్కడేదన్నా తప్పు చేసిందాండీ?"

"లేదమ్మా. తనేం చేయలేదు."

"మరెందుకు పంపేసేరండీ?"

మహబూబ్ చెరువు వైపు తిరిగాడు. చెరువు మధ్యలో చిన్న రేకు పడవ మీద నిలబడి ఇందుజ గెడ వేస్తోంది. ఒక కర్ర దగ్గర ఆగి సంచీ కట్టింది. తర్వాతి రెండు కర్రలూ వదిలేసి, పడవ మొన తిప్పి, ఎదురుగట్టు వైపు వెళ్ళింది. అతన్ని చూసి గెడ పైకెత్తి ఒక్క క్షణం ఆగి, నెమ్మదిగా ఒడ్డుకి వచ్చింది.

"ఆ రెండు కర్రలూ ఎందుకు వదిలేశావు?" అని అడిగాడు. అంతదూరం వచ్చి ముందు అడగాలనుకున్నది అది కాదు.

"ఆ మూల ఇయ్యాల తినట్లేదు సార్."

"ఎవరు చెప్పారు?"

ఆమె అర్థంకానట్టు చూసింది. "ఎవరు చెబుతారు సార్?"

ఇద్దరూ గట్టు మీద కొంతదూరం నడిచారు.

"క్యాంపులో ఏం జరిగింది ఇందూ?"

"ఏం జరగలేదు సార్. బంతి వచ్చేది. ఆగేదాన్ని. ఆగితే లాక్కుపోయేవోళ్ళు."

"ఎందుకాగావు?"

"మీరు పిలుత్తారని."

"నేనక్కడ లేను కదమ్మా."

"లేరని తెలుసు సార్. తల మీకిచ్చేయమన్నారు కదా. ఇచ్చేసేను." ఆ మాటలో నిష్ఠూరం లేదు. అప్పగించమన్న వస్తువు అప్పగించేశానన్నట్టుగా చెప్పింది. "అక్కడ లైట్లన్నీ ఉన్నా కరెంటు పోయినట్టుండేది సార్."

మహబూబ్ తాడేపల్లిగూడెం పోటీల సంగతి, సెలెక్టరు సంగతి చెప్పాడు. ఆమె తలవంచుకుని విన్నది.

"మీరు పిలుత్తారా సార్?"

వద్దు, ఈసారి నువ్వే చూసుకోవాలి అందామనే అతను వచ్చాడు. కానీ ఆ పిల్ల కళ్ళు చూశాడు.

"పిలుస్తాను" అన్నాడు.

ఇందుజ మర్నాడే బట్టల సంచీతో ఏలూరు వచ్చేసింది.

ఒక సాయంత్రం మాత్రం మహబూబ్ ప్రయత్నించి చూశాడు. ప్రాక్టీసు మొదలుపెట్టి, గీత దగ్గర నిలబడి, నోరు విప్పలేదు. పిల్లలు బంతి నేలకి కొడుతూ నిలబడ్డారు. ఒకమ్మాయి పక్కమ్మాయికి ఇచ్చింది, ఆ అమ్మాయి తిరిగి ఇచ్చింది. "సార్, గొంతు మరీ బాలేదా?" అని ఎవరో అడిగారు. బంతి చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేని ఆ కోర్టుని చూస్తుంటే మహబూబ్‌కి ఉన్ని చేత్తో పట్టుకుని కూర్చున్న మనుషులు కళ్ళలో మెదిలారు. అతనే తట్టుకోలేకపోయాడు. "నీలం రెండు" అన్నాడు. పిల్లలు పకపకా నవ్వి పరిగెత్తారు.

తాడేపల్లిగూడెంలో పోటీలు మూడు రోజులు. ఏలూరు జట్టుకి ఒక స్కూల్లో రెండు తరగతి గదులు ఇచ్చారు. బెంచీలు గోడవారకి జరిపి పరుపులు వేశారు. మొదటి రెండు మ్యాచులూ మహబూబ్ గొంతు ఎలాగో నెట్టుకొచ్చింది. సెమీఫైనల్ రెండో సగంలో, నాలుగు పాయింట్ల ఆధిక్యంలో ఉండగా, అతను "తెలుపు" అనబోయాడు. నోరు తెరుచుకుంది గాని గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. గొంతులో గాజుపెంకు అడ్డం పడినట్టు మంట.

కోర్టులో ఐదుగురూ ఆగి అతని వైపు చూశారు. ఇందుజ చేతిలో బంతి ఉంది. ఆమె ఎదురుగా రింగు దాకా దారి ఖాళీగా ఉంది. మహబూబ్‌కి ఆ దారి స్పష్టంగా కనిపిస్తోంది. ఆ పిల్ల రింగు వైపు చూడటం లేదు, అతని నోరు చూస్తోంది. అవతలి జట్టు అమ్మాయి వచ్చి, ఎవరి చేతిలోంచో పుస్తకం తీసుకున్నంత తేలిగ్గా బంతి తీసుకుపోయింది. అలాగే ఇంకోటి, ఇంకోటి. ఆధిక్యం పోయింది.

బెంచీ మీద అతని పక్కన సహాయానికి కూర్చున్న తులసి ఉన్నట్టుండి లేచింది.

"ఎరుపు ఒకటి! ఇందూ, ఎరుపు! ముడి!"

కోర్టుకి ప్రాణం వచ్చింది. రెండు పాయింట్ల తేడాతో గెలిచారు. పిల్లలు తులసిని వాటేసుకున్నారు. తులసి మొహంలో నవ్వు లేదు.

సెలెక్టరు లేచి వెళ్ళబోతూ అచ్యుతరావుతో అన్న మాట మహబూబ్ దాకా వినిపించింది. "బాగానే ఆడారండీ. ఎవరు ఆడారో మాత్రం నాకు తెలియలేదు. రేపు ఫైనల్ కూడా చూసి వెళతాను."

గ్రౌండు ఖాళీ అయ్యాక మహబూబ్, తులసి నీళ్ళ ట్యాంకు గట్టు మీద కూర్చున్నారు. అతను గుసగుసగా అడిగాడు.

"మోకాలు ఎలా ఉంది?"

"బానే ఉందండీ."

"ఎప్పుడూ బానే ఉందట."

తులసి అతని వైపు తిరగలేదు. ఆమె చేతులు ఒళ్ళో విజిల్ తాడుని చుట్టి విప్పి, చుట్టి విప్పి చేస్తున్నాయి.

"ఆ రోజు లోపలే ఉన్నారా సార్?"

"బంతులకి గాలి కొడుతున్నాను."

"మీరు బాధపడతారని చెప్పలేదు. మీరేమో ఆ కసరత్తు కనిపెట్టేశారు. ఇంక ఎలా చెప్పను?" అని ఆగింది. "ఇవాళ నేనూ అదే చేశాను. చూడలేకపోయాను సార్. ఓడిపోతున్నారు కదా అని పిలిచేశాను."

"ఊఁ" అన్నాడు మహబూబ్.

అప్పుడే అచ్యుతరావు కారు దిగి ఉత్సాహంగా వచ్చాడు. తెలిసిన డాక్టరుతో మాట్లాడాడట. లోపలి వాపు తగ్గడానికి ఒక ఇంజెక్షను ఉందట. రేపు పొద్దుటికల్లా గొంతు మామూలుగా పలుకుతుందట. రెండ్రోజులుంటుందట.

"తర్వాత ఆపరేషను ఎలాగూ ఉంది కదరా. ఈ ఒక్క మ్యాచి. నువ్వు పిలిస్తే ఆ పిల్ల కాళ్ళు ఎలా ఆడతాయో సెలెక్టరు గారు కళ్ళారా చూస్తాడు. నాకు కప్పు, దానికి క్యాంపు, నీకు రెన్యువలు. ఇంకేం కావాలి? లే, లే. డాక్టరు గారు మనకోసం కూర్చున్నారు."

"సార్..." అంది తులసి.

మహబూబ్ లేచి అచ్యుతరావు వెనక నడిచాడు. డాక్టరు గొంతులోకి చూసి, ఇంజెక్షను చేస్తూ, ఇది మందు కాదనీ, అరువు తెచ్చుకున్న గొంతనీ, దీంతో కేకలేస్తే తర్వాత తను చేయగలిగింది తక్కువనీ చెప్పాడు. మహబూబ్ తలూపాడు.

తెల్లవారి నిద్రలేచి అతను ముందు దగ్గి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా తన పేరు తను పలికాడు. నెలల తర్వాత ఆ గొంతు చిరగకుండా, నిండుగా పలికింది. అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికి ఫోను చేశాడు. ఖాతూన్ ఎత్తి, "ఎవరండీ?" అంది. నేనే అంటే కాసేపు నమ్మలేదు. "అయితే మా ఇంటి ప్రశాంతత పోయినట్టే" అంది చివరికి. ఆవిడ గొంతులో సంతోషం దాగలేదు.

స్కూలు వరండాలో పిల్లలు ఉప్మాకి వరసలో నిలబడ్డారు. ఒకరి జడ ఒకరు లాగుతున్నారు. ఒకమ్మాయి సెలెక్టరు నడక నడిచి చూపిస్తుంటే మిగతావాళ్ళు నవ్వుతున్నారు. ఇందుజ చట్నీ గిన్నె పట్టుకుని అందరికీ వడ్డిస్తోంది. తులసి స్తంభానికి ఆనుకుని టీ తాగుతోంది. మహబూబ్ వరండా మెట్ల దగ్గరికి వచ్చి ఆగాడు. ఎవరూ అతన్ని చూడలేదు. గొంతు ఎంతవరకు వెళుతుందో చూద్దామని, కేక కూడా కాకుండా, మామూలుగా అన్నాడు.

"నీలం ఒకటి."

వరస మొత్తం ఎడమవైపుకి ఒక అడుగు జరిగింది. పళ్ళేలు చేతుల్లో ఉండగానే, మాట మధ్యలోనే, నవ్వు మధ్యలోనే. ఇందుజ జరిగినప్పుడు గరిటెలోని చట్నీ నేలమీద పడింది. స్తంభం దగ్గర, టీ గ్లాసు చేత్తో పట్టుకున్న తులసి ఎడమ పాదం కూడా ఒక అడుగు పక్కకి వేసి ఉంది.

తర్వాత పిల్లలు వెనక్కి తిరిగి చూసి ఒక్కసారిగా గోల చేశారు. "సార్‌కి గొంతొచ్చేసింది! సార్‌కి గొంతొచ్చేసిందే!" తులసి తన పాదం వైపు చూసుకుని, దాన్ని నెమ్మదిగా వెనక్కి తీసుకుంది. అచ్యుతరావు గేటు దగ్గర్నుంచే చప్పట్లు కొడుతూ వచ్చాడు.

"చెప్పానా! కప్పు మనదే ఇవాళ."

మహబూబ్ నవ్వలేదు. నేలమీద పడిన చట్నీ వైపు చూస్తున్నాడు. ఇందుజ వంగి దాన్ని కాగితంతో తుడుస్తోంది.

"లే ఇందూ, అది తర్వాత తుడవచ్చు" అన్నాడు. "అందరూ ఒకసారి ఇటు రండి. పళ్ళేలతోనే రండి, పర్వాలేదు."

పిల్లలు మెట్ల చుట్టూ చేరారు. ఒకరిద్దరు అప్పటికే గోడకి వీపు ఆనించి తులసి మోకాలు వేయబోతున్నారు. అతను వద్దని చెయ్యి ఊపాడు.

"ఇవాళ ఫైనల్‌కి నేను గ్రౌండులోకి రావడం లేదు. పాసింజరెక్కి ఏలూరు వెళ్ళిపోతాను. రేపు పొద్దున్న ఆస్పత్రిలో చేరతాను. బెంచీ మీద తులసి టీచరు కూర్చుంటారు గాని, ఆవిడా పిలవరు. ఇవాళ మీకు రంగులు ఎవరూ పిలవరు."